ఇంకో కుండ గంజి

ఆ రోజుల్లో ప్రభుత్వం ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఉంటుందని చదువుకున్నవాళ్ళు అనుకునేవాళ్ళు. అయిదో తరగతితో బడికి దండం పెట్టిన నాకు మాత్రం అది మా సందు చివర గోడ పక్కనే కనబడేది: నేలలోంచి మోకాలెత్తు పైకి లేచి, మూతికి గుడ్డ కుక్కుకుని నిలబడిన ఒక ఇనుప గొట్టం. నేను కాపురానికి వచ్చేటప్పటికే అది అక్కడుంది. ఎప్పుడో ఒక కౌన్సిలు వాళ్ళు గొట్టం వేశారట, కొళాయి బిగించేలోపల వాళ్ళ గడువు అయిపోయిందట. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నికలే లేవు, ఊరిని స్పెషలాఫీసరు చూసుకున్నాడు. (మంచాయన అంటారు. నేను చూడలేదు. మా సందులో ఎవరూ చూడలేదు.) ఆయన మాకు రోడ్డు వేయించాడు. నీళ్ళు అడిగితే, "కౌన్సిలు వచ్చినాక అడగండి" అని జవాబు వచ్చింది. కౌన్సిలు వచ్చినాక అడిగితే, "స్పెషలాఫీసరు ఉన్నప్పుడే అడగాల్సింది" అన్నారు. మా ఊళ్ళో స్థానిక పరిపాలన చరిత్ర అంతా ఈ రెండు మాటల మధ్యే నడిచింది.

నేను పుట్టింది పరిగి పక్కన పల్లెలో, మెట్టింది ధర్మవరం పోయే దారిలో ఉన్న ఒక నేతగాళ్ళ ఊళ్ళో. ఊరి పేరు మాత్రం రాయను. అక్కడ మాకు ఇంకా చుట్టాలున్నారు, వాళ్ళకు ఇంకా ఓట్లున్నాయి. మా మామకు, అంటే మా ఆయన తండ్రికి, జీవితంలో రెండే కోరికలు. ఒకటి, తన మగ్గం మీద నేసిన చీర ధర్మవరం షావుకారు వంక పెట్టకుండా తీసుకోవాలని. రెండోది, కౌన్సిలరు కావాలని. తొంభైల నడుమ ఎన్నికలు వస్తున్నాయని తెలియగానే ఆయన హిందూపురం పోయి, నామినేషనుకు ముందే, తన మీసాల ఫోటోతో పోస్టర్లు అచ్చు వేయించుకొచ్చాడు. కట్టలు ఇంట్లో దించిన మూడో రోజున తెలిసింది, మా వార్డు ఆడవాళ్ళకు కేటాయించారని.

మామ మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసుకుని, అడ్డదారం నడిపే నాడె ముట్టుకోకుండా పొద్దంతా అట్లాగే కూర్చున్నాడు. ఎదురింటి అవ్వ వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఏమప్పా, ఎవురో పోయినట్ల కూసున్నావే?"

"వార్డును ఆడోళ్ళకు ఇచ్చేసినారంటమ్మా."

"దానికేమి? మీ ఇంట్లో ఆడోళ్ళు లేరా ఏంది?"

మామ తలెత్తి మా అత్త వైపు చూశాడు. ఆమెకు సంతకం రాదు. తర్వాత నా వైపు చూశాడు. నాకు సంతకం వచ్చు. నా అర్హత అదే. అట్లా ఇరవై రెండేళ్ళకు నేను రాజకీయాల్లోకి వచ్చాను, పప్పు తాళింపు పెడుతూ పెడుతూ. పోస్టర్లు పారేయడానికి మామకు చేతులు రాలేదు (నేతగాళ్ళు మూరెడు దారం కూడా పారేయరు), అందుకని ఆయన మీసాల ఫోటో కింద నా పేరు రాసిన కాగితం ముక్క అతికించాం. గెలిచాం. గెలిచింది మీసాలో పేరో నాకు ఇప్పటికీ తెలియదు.

కౌన్సిలు మీటింగు అంటే ఏమో అనుకున్నాను. ముందు వరుసలో ఆడ మెంబర్లం, మా వెనక బెంచీల మీద మా మామలు, మొగుళ్ళు, అన్నలు. మా మామ ఒకసారి దగ్గితే నేను చెయ్యెత్తాలి, రెండుసార్లు దగ్గితే దించాలి. ఒకసారి ఆయనకు నిజంగానే జలుబు చేసింది. ఆ రోజు బస్టాండు మరుగుదొడ్ల తీర్మానానికి నేను అయిదుసార్లు మద్దతిచ్చి, నాలుగుసార్లు వెనక్కు తీసుకున్నాను. చైర్మను (నూనె మిల్లు ఆసామి, ఒళ్ళూ మనసూ రెండూ పెద్దవేనని ఆయనే చెప్పుకునేవాడు) కళ్ళద్దాలు తీసి, "ఏమ్మా కౌన్సిలరూ, చెయ్యి నొప్పా?" అని అడిగాడు.

ఓట్లప్పుడు నేను ఒకే ఒక్క మాట ఇచ్చాను, అదీ ఎదురింటి అవ్వకు. మా సందులో నీళ్ళంటే మిల్లు వెనక బోరు నుంచి మోసుకోవాలి. అవ్వ అంతకుముందు వానాకాలంలో బిందెతో జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తోనే బిందె మోసేది. "నాకు పింఛనీ వొద్దు, పట్టా వొద్దు," అంది. "సచ్చేలోపల మన సందులో బిందె నింపుకోవల్ల. ఈ చెయ్యి ఇంకొక్కసారి ఇరిగితే నాకు ముద్ద కలిపి పెట్టేటోళ్ళు గూడా ల్యారు." నేను సరే అన్నాను. ఆ సరే అన్నప్పుడు మామ దగ్గలేదు, నేనే అన్నాను.

రెండేళ్ళు తిరిగినాక చైర్మను దయతలిచి ఆ గొట్టానికి కొళాయి బిగించమన్నాడు. ఒక మెలిక కూడా పెట్టాడు. పక్క వార్డు కౌన్సిలరు ఆయన బామ్మర్ది. "ఆదివారం నేను వచ్చి ప్రారంభం చేస్తా. ఆ పొద్దు ఏ అడ్డం వచ్చినా కొళాయి పక్క వార్డుకు పోతాది, మళ్ళ నన్ను అడగొద్దు" అన్నాడు. గోడకు శిలాఫలకం కూడా ఎక్కింది. అందులో చైర్మను పేరు, ఇంజినీరు పేరు, కాంట్రాక్టరు పేరు, చిట్టచివర మా మామ పేరు, దాని పక్కన "గారి కోడలు" అని నేను.

ఇక్కడ మా సందు సంగతి చెప్పాలి. నేతగాళ్ళ వీధిలో పొద్దున్నే పడుగు చాపుతారు. చీర నిలువుకు పోయే పట్టుదారాలన్నిటినీ వీధి పొడవునా నడుమెత్తులో గుంజి కట్టి, తెగినవి ముడేసి, గంజి కొట్టి, ఆరినాక చుట్టి మగ్గానికి ఎక్కిస్తారు. తడి పడుగును విప్పితే దారాలు ఒకదానికొకటి అంటుకుపోయి మూడు చీరల పట్టూ బూడిదే. అందుకని అది ఆరేదాకా సందులోకి బండి రాదు, పెళ్ళి ఊరేగింపయినా పక్క వీధిన పోవాల్సిందే. రెండు పక్కలా కర్రల కాళ్ళు, వాటి పక్కన మురిక్కాలువ. మనుషులు పోవాలంటే దారాల కింద వంగి పోవాలి. మాకు నడక వచ్చినప్పటి నుంచీ వంగడం వచ్చు.

చైర్మను పదింటికి వస్తానన్నాడు. ఆయన పదంటే పన్నెండని ఊరందరికీ తెలుసు. "ఎనిమిదికి గంజి కొడితే తొమ్మిదికి ఆరిపోతాది, చుట్టేస్తాం" అని మామ తన పడుగునే, ఎరుపుకు పచ్చంచు వేసి మూడు చీరలకు సరిపోయేదాన్ని, సందు మొదటి నుంచి కొళాయి దాకా చాపించాడు. గంజి కుండ ఖాళీ అయిందో లేదో, సందు మొదట్లో కారు హారన్ మోగింది. పుట్టినప్పటి నుంచీ ఒక్కరోజూ టైముకు రాని మనిషి ఆ రోజు రెండు గంటలు ముందొచ్చాడు! పెనుకొండలో మంత్రిగారి సభ ఉందట, పదకొండుకల్లా అక్కడ దండ పట్టుకుని నిలబడాలట.

"ఏందప్పా ఇది? తీయండి, తీయండి!"

మామ పరుగెత్తుకొచ్చాడు. ఒక పక్క చైర్మను, ఒక పక్క మూడు చీరలు. రెండు చేతులూ జోడించి, "తడి మీదుండాదన్నా," అన్నాడు. "కొంచెం వంగినారంటే..."

"నేనా? వంగల్లా?"

"మేమంతా రోజూ వంగుతాం కదన్నా."

చైర్మను గడియారం చూసుకున్నాడు, మంత్రిని తలుచుకున్నాడు, వంగాడు. ఆయన వెనక ఇంజినీరు, ఇంజినీరు వెనక పూలదండ, దండ వెనక ఫోటోలాయన. అరుగుల మీద ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. తెల్లచొక్కాల మీద గంజి చుక్కలు టపటపా పడుతుంటే, మున్సిపాలిటీ మొత్తం కోడి నడక నడుచుకుంటూ మా ఇళ్ళ ముందు నుంచి పోయింది. ఆ చివర తేలి చైర్మను నడుము నిలబెట్టబోతే అది సగంలోనే పట్టేసింది. అట్లా ప్రశ్నార్థకంలా నిలబడే రిబ్బను కత్తిరించి, కొళాయి తిప్పాడు.

బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత ఒక బొద్దింక వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు.

ఇంజినీరు గొంతు తగ్గించి అడిగాడు, "యాడప్పా ట్యాంకరు?" నీళ్ళు వదిలే పనివాడు, వాల్వన్న అంటాం, అంతకంటే తగ్గించి చెప్పాడు, "సందు మొగదాల్నే నిలబడిపోయింది సార్. దావ ల్యాకపాయె." నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. సందులోంచే ట్యాంకరు తెచ్చి గోడ చాటున నిలబెట్టి, పైపు తగిలించి, ఫోటో పడేదాకా నీళ్ళు వదిలి, కొళాయి పని పూర్తయిందని ఫైలు మూసేయడం వాళ్ళ పద్ధతట. ఊళ్ళో సగం కొళాయిలు అట్లా ప్రారంభమైనవేనట. పడుగు అడ్డం లేకపోయుంటే నేను కూడా ఆ ట్యాంకరు నీళ్ళకు చప్పట్లు కొట్టి, అవ్వకు మాట నిలబెట్టుకున్నానని మురిసిపోయి ఇంటికి పోయేదాన్ని. అవ్వ మాత్రం మర్నాడు అదే వంకర చేత్తో బోరుకు పోయేది.

చైర్మను రుమాలుతో ముఖం తుడుచుకుని, "సరేలేమ్మా, ప్రారంభం అయిపాయె. నీళ్ళు రేపోమాపో వస్తాయి. ఫోటో తీసినావా అబ్బా? పదండి," అన్నాడు. వంగబోయాడు. "అమ్మా!" అని మళ్ళీ నిలబడ్డాడు. "ఇంక నేను వంగలేను. ఈ దారాలు ఎంతసేపటికి ఆరతాయి?"

"అర్ధగంటలో చుట్టేస్తామన్నా," అన్నాడు మామ.

అర్ధగంట. తర్వాత ఆయన పెనుకొండలో ఉంటాడు, ఫైలు బీరువాలో ఉంటుంది. మామ వైపు చూశాను. ఆయన దగ్గలేదు. అసలు నా వైపే చూడలేదు, చైర్మనుకు కుర్చీ వెతుకుతున్నాడు. నేను పడుగు కింద దూరి మా వాకిలి దగ్గర తేలి, మా ఆయన చెవిలో చెప్పాను: "ఇంకో కుండ గంజి కొట్టు."

"ఏమే, మతి పోయిందా నీకు? ఆరిపోతాండాది గదా!"

"ఆరొద్దనే చెప్తాండా."

ఆయన నన్ను ఒక నిమిషం చూశాడు. పెళ్ళయిన నాలుగేళ్ళలో అట్లా ఎప్పుడూ చూడలేదు. తర్వాత కుండ ఎత్తి, మామ కంటబడకుండా సందు ఆ కొస నుంచి కొట్టాడు, ఆరబోయినప్పుడల్లా మళ్ళీ కొట్టాడు.

చైర్మను అరుగు మీద కూలబడి పావుగంటకోసారి "ఆరిందా?" అని అడగడం, అవ్వ వంకర చేత్తో దారాలు తడిమి "పచ్చిగానే ఉండాది నాయనా, ఈ పొద్దు గాలే ల్యాదు" అనడం. మధ్యలో ఆయనకు దాహమైంది.

"కొంచెం నీళ్ళియ్యమ్మా."

"నీళ్ళు యాడివి నాయనా? నువ్వే ఇప్పుడు తిప్పి సూస్తివే," అంది అవ్వ.

"గంజికి మాత్రం ఉండాయే!"

"అవి నిన్న నేను మోసినవి."

 చైర్మను అవ్వ మణికట్టు వైపు చూశాడు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, ఆయన తాగుతుండగా అన్నాను: "అన్నా, నీళ్ళొచ్చేసరికి పడుగు గూడా ఆరిపోతాదేమో."

నూనె మిల్లు నడిపే మనిషికి అర్థం కాకుండా ఉంటుందా? గడియారం చూసుకుని, ఇంజినీరు మీద విరుచుకుపడ్డాడు. "వాల్వు యాడుండాదో తవ్వి సూపీయప్పా! మంత్రి వెళ్ళిపోతాడు!"

వాల్వు సందు మొదట్లో ఉండాలని వాల్వన్నకు తెలుసు, ఎంత లోతులో ఉందో ఎవరికీ తెలియదు. గడ్డపార వేశారు. మొదట సిమెంటు వచ్చింది, అది మా కౌన్సిలు వేసింది, అరచెయ్యి మందం లేదు. దాని కింద తారు, స్పెషలాఫీసరుది. దాని కింద మొరం, గొట్టం వేసిన పాత కౌన్సిలుది. "అదో, ఆ మొరం తోలేటప్పుడు నా తమ్మునికి పెండ్లి," అంది అవ్వ దూరం నుంచే. పాతకాలం శాసనాలు చదవడానికి లేపాక్షికి పోతారు గానీ, మా మున్సిపాలిటీ చరిత్ర అంతా ఆ గుంతలో పొరపొరలుగా కనబడింది: ఒక్కొక్కరూ వచ్చి ముందువాళ్ళ పనిని పూడ్చి పోయారు. అన్నిటికంటే అడుగున, మట్టిలో, వాల్వు. కొత్తది కొత్తగానే ఉంది. దాన్ని ఒక్కరోజు కూడా ఎవరూ తిప్పలేదు!

మధ్యాహ్నం దాటినాక కొళాయి దగ్గింది (ఈసారి నేను చెయ్యెత్తలేదు), ఎర్రటి బురద కక్కింది, తర్వాత నీళ్ళు వచ్చాయి. అవ్వ తన బిందె పెట్టింది. నిండిన బిందెను వెంటనే ఎత్తుకోలేదు. పొంగి పొర్లుతుంటే అట్లాగే చూస్తూ నిలబడింది. ఆ చిత్రానికి ఫోటోలాయన దగ్గర రీలు మిగల్లేదు. మర్నాడు పేపర్లో "చైర్మన్ చొరవతో" అని వచ్చింది, నిజమే కదా.

పెనుకొండ సభ ఆయనకు తప్పిపోయింది. నా మీద కోపం వస్తుందనుకున్నాను. తర్వాతి మీటింగులో నన్ను చూసి నడుం మీద చెయ్యి వేసుకున్నాడంతే. మిగతా మూడేళ్ళూ మామ దగ్గితే నేను మామూలుగానే చెయ్యెత్తాను. మళ్ళీ ఎన్నికలప్పుడు వార్డు మీద ఆడవాళ్ళ కేటాయింపు తీసేశారు, మామ నిలబడి ఓడిపోయాడు, పాత పోస్టర్లే వాడుకున్నాడు.

ఆ పడుగు మీద వచ్చిన మూడు చీరలనూ ధర్మవరం షావుకారు వేలితో మీటి చూసి, "ఇవి చీరలా, తలుపులా?" అన్నాడు. రెండింటిని ఎట్లాగో తీసుకుని, ఒకటి వెనక్కు ఇచ్చేశాడు. ఒక్క పూత గంజికి దారం అట్లా ఎందుకు బిగుసుకుందో మామకు చివరిదాకా అంతుపట్టలేదు. కొట్టింది నాలుగు పూతలని మా ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ మూడోది నా పెట్టెలో ఉంది. మొన్న బయటికి తీస్తే మనవరాలు, "ఏందవ్వా ఇది, మడత కూడా పడదు!" అని నవ్వి, నేల మీద ఆనించి చెయ్యి వదిలేసింది. చీర పడిపోలేదు, దానంతట అదే నిలబడింది. ఇరవై నాలుగేళ్ళ కౌన్సిలరమ్మ, అయిదేళ్ళ పదవిలో ఒకే ఒక్క పూట ఎవరి దగ్గు కోసమూ చూడకుండా నిలబడిన పిల్ల, కాసేపు నా ఎదురుగా ఉన్నట్టే అనిపించింది. "దాన్ని అట్లనే ఉండనీయమ్మీ," అన్నాను.