నెత్తుట్లో ఉన్నది

కుక్కల్ని సాకి కాపలాకి అమ్మే ఆయన ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. వాటిని కొరికేసిన ఆడకుక్క ఈనగానే తన పిల్లల్నీ చంపేస్తే, మిగిలిన ఒక్కదాన్ని ఒళ్లో పెట్టుకుని సీసాపాలు పట్టి పెంచాడు. ఎంత తిన్నా తల్లిలాగే దానికీ ఆకలి తీరేది కాదు, పక్కటెముకలు కనబడుతూనే ఉండేవి. "తల్లి మొహమే ఎరగదు, కరవడం ఎవరు నేర్పుతారు?" అనేవాడు. "నేర్పాలా ఏంటి? నెత్తుట్లోనే ఉంటుంది" అనేది భార్య.

ఒకరోజు కూతురు తిండిగిన్నె జరపబోతే అది ముంజెయ్యి పట్టేసింది. ఆయన ఇనపకడ్డీతో తల పగిలేదాకా మోదితేగానీ వదల్లేదు. చెయ్యి నెత్తురోడుతున్నా ఆ పిల్ల ఏడవలేదు. కడ్డీ లాక్కుని, చచ్చిన కుక్కని కొడుతూనే ఉంది. "చాలమ్మా, చచ్చిపోయింది" అంటూ పట్టుకోబోతే ఆయన మోకాలి మీదా ఒకటేసింది. భార్య కూతురి చేతికి గుడ్డ చుడుతూ నెమ్మదిగా అంది: "అచ్చం మీరే."