లైట్‌హౌస్ నాణేనికి చింతపండు

మా తమ్ముడి భార్య అంటే నాకు కుళ్ళు. ఈ సంగతి మా వాళ్ళందరికీ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. తెలిసి కూడా నేను గడపలో అడుగుపెట్టగానే "రండి వదినగారూ" అంటూ మంచినీళ్ళ గ్లాసుతో ఎదురొస్తుంది. దాంతో నా ఒళ్ళు ఇంకా మండుతుంది. వాళ్ళుండేది గవర్నర్‌పేటలో, తమ్ముడి బట్టల కొట్టు పై వాటాలో. అమ్మ పోయాక నాన్న వాళ్ళ దగ్గరే ఉంటున్నాడు. నేనుండేది కంకిపాడులో. బస్సెక్కితే ఎంతో దూరం కాదు. కానీ నేను బస్సెక్కి వెళ్ళి చూసొచ్చే మనిషి, ఆ అమ్మాయి పొద్దున్నే కాఫీ ఇచ్చే మనిషి ఒక్కరే అయ్యేసరికి లెక్క మారిపోయింది. నాన్న నన్ను "ఏమే" అంటాడు. కోడల్ని "అమ్మా" అంటాడు.

నాన్న లైట్‌హౌస్‌లో పనిచేసి రిటైరయ్యాడు. బందరు అవతల, సముద్రం ఒడ్డున. మా క్వార్టర్సు దాని పక్కనే ఉండేవి. సెలవు రోజుల్లో మధ్యాహ్నం కారియర్ పట్టుకుని మెట్లెక్కి నాన్న దగ్గరికి వెళ్ళేది నేనే. తమ్ముడికి ఆ గుండ్రటి మెట్లంటే భయం, సగంలో కూలబడి ఏడ్చేవాడు. పైన పెద్ద దీపం చుట్టూ మందపాటి గాజు పలకలుండేవి. వాటిని నాన్న మెత్తటి గుడ్డతో తుడుస్తూ, "వేలు తగలనివ్వకే, మరక పడితే వెలుగు చెడుతుంది" అనేవాడు. నేను దీపం చుట్టూ వరండాలా ఉండే గ్యాలరీలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని. అమ్మ కూడా అంత పైకి ఎప్పుడో గాని వచ్చేది కాదు. అక్కడ నాన్న నాకొక్కదానికే నాన్న.

అందుకే ఆ పాత లైట్‌హౌస్ బొమ్మతో వెండి నాణెం వస్తోందని పేపర్లో చూసినప్పుడు నాకు కాలు నిలవలేదు. వంటగదిలో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నాణేలు బుక్ చేసుకునే టంకశాల వెబ్‌సైటు ఒకసారి తెరుచుకుంటే రెండుసార్లు మొరాయించేది. మా ఆయన "రెండు బుక్ చెయ్యి, ఒకటి మనకుంటుంది" అన్నాడు. వద్దన్నాను. నాన్నకి నేనిచ్చింది అంటే ఒకటే ఉండాలి. ఆయన దాన్ని కొన్నాళ్ళు మురిపెంగా చూసుకుని, తర్వాత ఎలాగూ "నువ్వే ఉంచుకోవే" అంటాడు. నా మనసులో అంతా అయిపోయింది.

నాణెం వచ్చింది. నీలం మఖమలు పెట్టెలో గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా, అందులో నాణెం. చుట్టూ అద్దంలా మెరుపు, మధ్యలో తెల్లగా, కాస్త ఉబ్బెత్తుగా మా లైట్‌హౌస్. డబ్బా తెరవొద్దని, నాణేన్ని చేత్తో తాకొద్దని పెట్టెలో కాగితం కూడా ఉంది. చేతులు వెనక్కి కట్టుకోవడం నాకెవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. తెరవలేదు.

నాన్న పుట్టినరోజు నాడు తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. ఆయన డబ్బాని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు, అటూ ఇటూ తిప్పాడు. "బాగుందే, చాలా బాగుంది" అన్నాడు. నేను ఇంకేదో అంటాడని చూస్తూ కూర్చున్నాను. ఆయన తల తిప్పి, "ఇదిగోనమ్మా, ఇది లోపల పెట్టు" అని కోడలికి ఇచ్చేశాడు. తాగేసిన కాఫీ గ్లాసు ఇచ్చినట్టు! మందుబిళ్ళలు, కళ్ళలో వేసుకునే చుక్కలు, బ్యాంకు పుస్తకం, ఆయన చేతిలోకి ఏదొచ్చినా చివరికి ఆ అమ్మాయి చేతిలోకే వెళ్తుంది. ఆ అమ్మాయి కొంగుతో చేతులు తుడుచుకుని, రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టేసింది. నేను తెచ్చింది, నా కళ్ళముందే. బస్సులో ఇంటికొస్తుంటే ఎవరో పక్కావిడ "కాస్త జరుగుతారా" అన్నందుకు ఆవిడ మీద అరిచాను.

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి మరదలు ఫోన్ చేసింది. "వదినగారూ, మొదటి వాయనం మీకేనండీ, మీరు రాకపోతే ఎలా?" ఆడపడుచుని కదా, వెళ్ళాను. వాయనం కోసం కాదు, నాణెం ఎలా ఉందో చూసుకుందామని.

అప్పటికే హారతి అయిపోయింది. కలశం ముందు వెండి పళ్ళెంలో, పువ్వుల మధ్య, నాణెం. డబ్బా లేదు. పసుపు, కుంకుమ బొట్లు పెట్టేసి ఉంది. వంగి చూశాను. ఆ అద్దంలాంటి మెరుపంతా గీతలు గీతలుగా పోయి, కొట్లో అమ్మే మామూలు వెండి బిళ్ళలా ఉంది.

"ఇదేంటి? డబ్బా ఎవరు తీశారు?"

"నేనేనండీ. కొత్త వెండి ఇంట్లోకొస్తే ముందు అమ్మవారి దగ్గర పెట్టాలి కదా. ప్లాస్టిక్‌లో ఉంచి పూజ ఎలా చేస్తాం? మా అమ్మ చేసినట్టే చింతపండేసి శుభ్రంగా తోమాను."

"తోమావా! దాన్ని వేలితో కూడా ముట్టుకోకూడదు. ఇక దాన్ని నాణెం అనరు."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కడుపు చల్లబడింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల చేసిన తప్పు ఒక్కటి దొరికింది. "వదినగారూ, అమ్మవారి దగ్గర పెట్టిందండీ, ఇప్పుడే తియ్యకూడదు" అంటున్నా వినకుండా, నాణెం తీసుకుని వరండాలోకి నడిచాను. నాన్న కుర్చీలో కూర్చుని కింద ఆటోల రొద వింటున్నాడు.

"చూడు నాన్నా, నీ కోడలు ఏం చేసిందో" అని అరచేతిలో పెట్టాను.

ఆయన చూడలేదు. బొటనవేలు నాణెం మీద పెట్టాడు. అంచు తడిమాడు, మెల్లగా వేలిని మధ్యకి తెచ్చాడు. కుంకుమ వేలికి అంటుకుంటోంది. వేలు ఒకచోట ఆగింది. మళ్ళీ పైకి కదిలింది.

"ఇది కింద తలుపు" అన్నాడు. "ఇదిగో, గ్యాలరీ. రెయిలింగు కూడా పెట్టారే! ఇక్కడే కదే నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదానివి?"

"మొన్న చూశావు కదా నాన్నా" అన్నాను.

"మొన్న నాకేం కనపడిందే? ఏదో గుండ్రంగా తళతళలాడింది. వేలికి ప్లాస్టిక్ తగిలింది. నువ్వంత ఆశగా తెచ్చావని బాగుందన్నాను."

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. "ఒక కన్ను పూర్తిగా పోయిందండీ. రెండోదానికి వెలుతురొక్కటే తెలుస్తుంది. మీరు కంగారు పడతారు, చెప్పొద్దన్నారు మావయ్యగారు" అంది.

ఆ క్షణంలో నాన్న కళ్ళ గురించి ఏడవాలి. ఏడుపూ వచ్చింది. కానీ దానికంటే ముందు వచ్చింది కుళ్ళే. నాకు తెలియని మాటొకటి వాళ్ళిద్దరి మధ్య ఇన్నాళ్ళుగా ఉంది. పైగా నేను అంత జాగ్రత్తగా మూసి తెచ్చినదాన్ని తెరిచి ఆయన వేలికి అందించింది ఆ అమ్మాయి, అదీ తెలియక.

నాన్న అలవాటుగా నాణెం కోడలి వైపు చాపాడు. "అమ్మవారేమీ అనుకోదులెండి, మీ దగ్గరే ఉంచుకోండి మావయ్యగారూ" అంది ఆ అమ్మాయి. నాన్న దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. నా వైపు ఎవరూ చాపలేదు.

ఇప్పుడది నల్లబడిందట. సాయంత్రమయ్యేసరికి నాన్న వరండాలో కూర్చుని జేబులోంచి తీసి బొటనవేలితో తడుముతాడట. మరదలు ఫోన్ చేసి, గొంతు తగ్గించి చెబుతుంది: "వదినగారూ, మావయ్యగారు మెట్లెక్కుతున్నారండీ. గ్యాలరీ దాకా వచ్చేశారు."

ఎంతవరకూ ఎక్కాడో నాకు ఆ అమ్మాయి చెప్పాలి. కారియర్ పట్టుకుని ఆ మెట్లెక్కింది నేను.