ఇంకొకరు వేసిన టెంటు

చంద్రమౌళి చివరిగా చేసిన మామూలు పని, తడిసిన షామియానాను డాబా మీద ఆరబెట్టి, అది మడిచేటప్పుడు భార్య చేత తిట్లు తినడం. తిట్టడం సావిత్రికీ, తినడం ఆయనకీ ఏనాటి నుంచో అలవాటే కాబట్టి ఆ పొద్దును ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. షామియానా మడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస ఆమె.

"గట్టిగ గుంజవే. చంటిపిల్లకు బొంత కప్పుతానవా?"

"నేను నీ ఇంటిదాన్ని. నీ టెంట్ హౌసుల లేబర్ను గాదు."

"లేబరైతె నయముండు. చెప్పినట్టు ఇంటరు."

మడత వంకర వచ్చిందని మళ్లీ విప్పించాడు. మళ్లీ మడిపించాడు. తరవాత చాయ్ అడిగాడు. ఆమె చాయ్ పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి, మడిచిన షామియానా మీద కూర్చుని, పిట్టగోడకు వీపు ఆన్చి, వెళ్లిపోయి ఉన్నాడు. దవాఖాన ఖర్చు లేదు, కనీసం ఆటో కిరాయి అయినా లేదు. ఖర్చుల విషయంలో ఆయన మొదటి నుంచీ అంతే.

సుబేదారి వెనక సందులో మౌళి టెంట్ హౌస్ అంటే తెలియని ఇల్లు లేదు. ఆ చుట్టుపక్కల పెళ్లయినా, పురుడైనా, ఎవరైనా పోయినా, మొదటి ఫోను ఆయనకే. వర్ధన్నపేట దగ్గరి పల్లె నుంచి ఒక జంపఖానా కట్టతో వచ్చి, షామియానాలు, కుర్చీలు, వంట గంజులు కూడబెట్టిన మనిషి. ఎవరైనా పెళ్లికి పిలిస్తే వధూవరుల ముఖం చూసేవాడు కాదు. తల పైకెత్తి గుడ్డ చూసేవాడు. అక్షింతలు వేసి దిగుతూ దిగుతూ పక్కనున్న గుంజను ఒకసారి ఊపి చూసేవాడు. అది కదిలిందా, ఆ ఇంటి కాపురం మీద ఆయనకు నమ్మకం పోయేది.

సొంత కూతురు హారిక పెళ్లిలో కూడా అంతే. అల్లుడి కాళ్లు కడగడానికి రమ్మని పంతులు మైకులో పిలుస్తున్నాడు. పెళ్లికూతురి తండ్రి నిచ్చెన మీద ఉన్నాడు. గాలికి ఒక మూల తాడు వదులైందట. పెళ్లి వీడియోలో ఇప్పటికీ చూడవచ్చు. ముందర చెంబు పట్టుకుని నిలబడిన సావిత్రి, వెనక నిచ్చెన మీద రెండు కాళ్లు. కాజీపేట రైల్వేలో పనిచేసే అల్లుడు వినయ్ ఆ ముచ్చట ఎక్కడ దొరికితే అక్కడ చెబుతాడు. "మామ నా కాళ్లు కడుగుడు తర్వాత ముచ్చట. ముందుగాల నేనే మామ కాళ్లు చూసిన."

అందరూ నవ్వేవాళ్లు. హారిక కూడా నవ్వేది. కానీ ఆ వీడియో చూసినప్పటి నుంచి ఆమెకు ఒక కోరిక పట్టుకుంది. బాపు ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, ఇంకొకరు వేసిన టెంటులో, తాళ్ల వంక చూడకుండా వెల్లకిలా పడుకోవాలి. బంగారం అడగలేదు, ప్లాటు అడగలేదు. ఇంత చిన్న కోరిక తీరడమే అన్నిటికన్నా కష్టమని ఆమెకు అప్పటికి తెలియదు.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. ఊరందరికీ శుభకార్యాలు ఆగిపోయే నెల, టెంట్ హౌసుకు వేసవి సెలవులు. ఈసారి ఆషాఢంలో హారిక ధైర్యం చేసింది. ములుగు దాటాక అడవిలో, గుట్ట మీద కొత్తగా ఒక క్యాంపు పెట్టారు. చిన్న చిన్న టెంట్లు, కొంచెం దూరం నడిస్తే జలపాతం. ఒక రాత్రి ఉండి వద్దామని ఫోనులో బొమ్మలు చూపించింది.

చంద్రమౌళి ఫోనును దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"కిరాయి టెంటా?"

"అవు బాపు."

"నేను? కిరాయికి? టెంటు?" ఆయన ఒక్కొక్క మాట మధ్యలో ఊపిరి పీల్చుకున్నాడు. "బిడ్డా, మిఠాయి దుకాణమోడు లడ్డూలు కొనుక్కోనీకి పక్క దుకాణానికి పోతడానే? నలుగురు సూస్తే ఏమంటరు?"

"గుట్ట మీద నలుగురు ఎవలుంటరు బాపూ? కోతులుంటయి."

"కోతులు గూడ నవ్వుతయి."

చివరికి ఒప్పందం కుదిరింది. రాత్రి ఉండేది లేదు, పొద్దున పోయి సాయంత్రం రావాలి. టెంట్ హౌసు ట్రాలీ ఆటోలోనే పోవాలి. అన్నం, కూర, గంజులు, కుర్చీలు మనవే. హారిక తలూపింది. కానీ ఆయనకు చెప్పకుండా పగటి పూటకు ఒక టెంటు మాట్లాడి పెట్టింది. ఆయన ఆమెకు చెప్పకుండా ట్రాలీలో ఒక షామియానా వేశాడు. తండ్రీకూతుళ్లు మరి.

ప్రయాణం రాజభోగం. ముందు సీట్లో బండి నడుపుతూ చంద్రమౌళి, పక్కన సావిత్రి. వెనక సామాన్ల మధ్య రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, గంజులను కాళ్లతో అదుముకుంటూ హారిక, వినయ్. ములుగులో ఎవరో ఆపి, ఈ కుర్చీలు ఏ ఫంక్షన్‌కు పోతున్నాయని అడిగారు. "హనీమూనుకు," అన్నాడు వినయ్, ముఖం మీది దుమ్ము తుడుచుకుంటూ.

గుట్ట మీద క్యాంపు చూసుకునేవాడు ఓంప్రకాశ్. నడివయసు మనిషి, తెలియని పాపానికి నవ్వుతూ ఎదురొచ్చాడు. చంద్రమౌళి అతని నమస్కారం అందుకోకముందే టెంట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వంగి చూశాడు, వేలితో మీటి చూశాడు, ఒక మేకును చెప్పుతో తట్టాడు. అది చక్కగా ఊడి వచ్చింది.

"ఇది నువ్వే కొట్టినవా?"

"అవునండి."

"సీదాగ కొట్టినవు. వాలుగ కొట్టాలె, తాడు గుంజేదానికి ఎదురుగ. ఈ గాలికి నీ టెంట్లన్ని గోదావరి మీద తేలుతయి." తరవాత టెంటు వాకిలి దగ్గర ఆగిపోయాడు. "ఇదేంది?"

"జిప్పండి. పురుగూ పుట్రా రాకుండ."

"ప్యాంటుకుంటది జిప్పు. టెంటుకేంది? మనిషిని లోపలేసి జిప్పు పెడితె అది టెంటా, సంచా?" హారిక వైపు తిరిగాడు. "అల్లుడేమో రైల్వేల జేస్తడు. నన్ను పార్సల్ బుక్ చేస్తానవా బిడ్డా?"

ఓంప్రకాశ్ వినయంగా నవ్వాడు. అది అతను చేసిన పొరపాటు. గంటసేపు అతని చేత మేకులన్నీ పీకించి, వాలుగా కొట్టించాడు చంద్రమౌళి. అది అయ్యాక, క్యాంపు పక్కనే ఖాళీ జాగా చూసి, తెచ్చిన షామియానా దించాడు. ఎర్రటి, పసుపుపచ్చటి పెళ్లి షామియానా. దాని ముందు అంచున వేలాడే జాలరుకు బంగారు రంగు అక్షరాలతో 'సుస్వాగతం'.

మనిషికి ఇంతకన్నా పెద్ద పొరపాటు జరగదు. జలపాతం చూడడానికి వచ్చినవాళ్లకు అడవి మధ్యలో సుస్వాగతం కనపడింది. కింద వరుసగా కుర్చీలు, పక్కన మూతపెట్టిన గంజులు. ఒక కుటుంబం మొహమాటపడుతూ వచ్చి కూర్చుంది. వాళ్లను చూసి ఇంకో కుటుంబం. వాళ్లలో ఒక పెద్దావిడ సావిత్రిని పక్కకు పిలిచి, "ఆడపిల్ల తరఫా, మగపిల్లగాని తరఫా?" అని అడిగింది.

"ఖర్చు తరఫు," అంది సావిత్రి.

ఇది పెళ్లి కాదని చెప్పడానికి హారిక లేచేలోపే, చంద్రమౌళి భుజం మీది గళ్ల తువ్వాలను నడుముకు చుట్టాడు. ఎదుట మనుషులు కుర్చీల్లో కూర్చుంటే ఆయన చేతులు ఆగవు. సర్వపిండి ముక్కలు చేసి పంచాడు, పులిహోర పెట్టాడు, కోడికూర అడిగి అడిగి వేశాడు. తక్కువ ఖర్చుతో పోయి వద్దామన్న ప్రయాణంలో తిండి అంతా ఊరూ పేరూ తెలియని చుట్టాలు తినేసి, ఆశీర్వదించి వెళ్లారు. ఇంటివాళ్లకు గంజు అడుగున ఉన్న పులుసు మిగిలింది.

"బాపూ, నువ్వు ఏమన్న తిన్నవా?"

"తిన్న తిన్న." అంటే తినలేదని అర్థం.

"ఇగ పదా. నీళ్లు చూసొద్దాం."

"సామాన్లు ఎవలు చూస్తరు?"

"అమ్మా వస్తాంది, ఆయనా వస్తాండు. నీ కుర్చీలు ఎవలెత్తుకపోతరు ఈ గుట్ట మీద?"

"ఎత్తుకపోయేటోళ్లు చెప్పి వస్తరా? మీరు పోండ్రి."

హారికకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఓంప్రకాశ్ దగ్గర మాట్లాడిపెట్టిన టెంటును వేలితో చూపించింది. "సరే, నీళ్లు వద్దు. అగో, ఆ టెంటు నీ కోసం తీసుకున్న. పొద్దుగూకె దాక మనదే. మేము వచ్చేదాక అండ్ల పండు. జర నడుం వాల్చు. గంతే నేను అడిగేది."

"ఆ సంచిలనా?"

"ఆ సంచిలనే!"

"నాకు నిద్రొస్తలేదు బిడ్డా." ఆయన కూతురి ముఖం చూడకుండా తాడు బిగించాడు. "టెంటు వేసేటోనికి టెంటుల నిద్ర పట్టది. ఏ కొస ఎటు లేస్తదోనని చెవు అటే ఉంటది."

"నా పెండ్లప్పుడు గూడ అట్లనేనాయె," అని చరచరా నడిచి వెళ్లిపోయింది హారిక.

జలపాతం బాగానే ఉందని అందరూ అంటారు. బండల మీద నుంచి తెల్లగా, హోరుమని, ఎవరి అనుమతీ అడగకుండా పడుతోంది. దాని వైపు వీపు తిప్పి నిలబడి జనం తమ ఫొటోలు తాము తీసుకుంటున్నారు. హారిక నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుంది. ఆమె కళ్లకు కనపడింది నీళ్లు కాదు, నిచ్చెన మీద రెండు కాళ్లు.

తిరిగి వచ్చేసరికి చంద్రమౌళి షామియానా కింద కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు, తప్పు చేయని మనిషిలాగ. ఎడమ బుగ్గ మీద అడ్డగీతలు, నిలువు గీతలు.

"ఏంది బాపు ఆ గీతలు?"

ఆయన బుగ్గ తడుముకున్నాడు. "తాళ్లకట్ట మీద తల ఆన్చిన జరసేపు."

"మంచి మెత్తనే దొరికింది. నేను చాపా మెత్తా ఏసిన టెంటు మాట్లాడితె తాళ్లకట్టనాయె నీకు?"

అంతలో వాన దిగింది. షామియానా తడిసి బరువెక్కింది. అందరూ కలిసి దాన్ని ఎట్లాగో ట్రాలీలో కుక్కారు. దారిలో, ములుగు దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు, సావిత్రి ఆయన భుజం వైపు చూసింది.

"నీ తువ్వాలేది?"

చంద్రమౌళి చాయ్ ఊదుకున్నాడు. "గుట్ట మీద మరిచినట్టున్న."

"బండి తిప్పుదామా మామా?" అన్నాడు వినయ్. మర్యాదకు కాదు. ఒకప్పుడు ఒక్క గరిటె కోసం కాజీపేట దాటిన ట్రాలీని వెనక్కి తిప్పించిన మనిషి ఆయన.

"పోతె పోనీ. పాతది."

సావిత్రి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. హారిక ట్రాలీ వెనక నుంచి దిగనైనా దిగలేదు.

ఆ మరుసటి పొద్దున్నే డాబా మీద షామియానా, తిట్లు, చాయ్.

ఆషాఢంలో పెళ్లిళ్లకు సెలవు గానీ చావులకు లేదు. మౌళి టెంట్ హౌసు పనివాళ్లు ఆ షామియానానే డాబా మీద నుంచి దించి, సుస్వాగతం జాలరు విప్పి పక్కన పెట్టి, వాకిట్లో వేశారు. కళ్లు తుడుచుకుంటూ వేశారేమో, ఈశాన్యం మూల తాడు వదులుగా ఉంది. గుడ్డ జారి వేలాడుతోంది. నిచ్చెన ఎక్కేవాడు కింద పడుకుని ఉన్నాడు, వెల్లకిలా, పైకి ముఖం పెట్టి, దాని వంక చూడకుండా.

"ఇగో, నా మొక్కు తీరింది," అంది హారిక, వచ్చిన చుట్టాలతో. "మా బాపు ఇంకొకలు ఏసిన టెంటు కింద పండుడు ఇదే మొదలు." వినడానికి బాగాలేదని చుట్టాలు తలలు దించుకున్నారు. అయినా ఆమె ఆ మాటను వచ్చినవాళ్లకల్లా చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఏడుపు రాలేదు. తీరిన కోరికకు ఎవరైనా ఏడుస్తారా?

పెద్దకర్మ నాడు భోజనాలు నడుస్తుండగా ఒక మనిషి చేతిలో కవరుతో వచ్చి, షామియానా అంచున నిలబడ్డాడు. గుట్ట మీది ఓంప్రకాశ్. మొన్నటి గాలివానకు చుట్టుపక్కల రేకులు లేచిపోయినా తన టెంటు ఒక్కటీ కదలలేదట. ఆ మాట పెద్దాయనకు చెబుదామని ఫోను చేస్తే సావిత్రి ఎత్తి సంగతి చెప్పింది. కవరులో గళ్ల తువ్వాల ఉంది, ఉతికి, మడతపెట్టి.

"యాడ దొరికింది అన్నా?" అంది హారిక.

"టెంట్ల, అక్కా. మీరు మాట్లాడిన టెంట్ల. మెత్త మీద పరిచి ఉండె."

హారిక కవరులోంచి తువ్వాల తీసింది.

"మీరు నీళ్ల దిక్కు పోయినంక వచ్చిండు. కుర్చీల దిక్కు జర చూడుమని నాకు చెప్పిండు. నా బిడ్డకు చెప్పకు, చెప్తె ఏడాదికోసారి కిరాయి దండుగ చేస్తదన్నడు." ఓంప్రకాశ్ నవ్వబోయి, చావు జరిగిన ఇల్లని గుర్తొచ్చి ఆగాడు. "మంచిగ గురక వెట్టి పండిండు. మీ మాటలు ఇనవడితె నేనే పోయి లేపిన. మెత్త మీంచి జారి, చాప మీద ఉండె మొఖం."

హారిక తువ్వాలను రెండు చేతులతో పట్టుకుంది. "వాకిలి తెరిచి పెట్టుకోని పండిండా?" అని అడిగింది. ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు.

"లేదక్కా. జిప్పు వేసుకున్నడు. లోపల్నుంచి, ఆయననే."