కూర్మమ్మత్త గడప

మలయా దేశంలోని సుంగై సిపుట్ రబ్బరు తోటలో మా కూర్మమ్మత్త ఇంటి గడప జారా చెక్కది. జారా అంటే ఆస్ట్రేలియాలో పెరిగే నీలగిరి జాతి చెట్టు. దాని చెక్క ఎర్రగా, ఇనుములా ఉంటుంది, చెదలు ముట్టవు. రైలు పట్టాల కింద నుంచి తీసేసిన పాత దుంగను అత్త మొగుడు అప్పడు మావయ్య మోసుకొచ్చి గడపగా వేశాడు.

తర్వాత యుద్ధంలో మలయాను ఆక్రమించిన జపాను వాళ్లు ఆయన్ని సయాం అడవుల్లో రైలు పట్టాలు వేసే పనికి పట్టుకుపోయారు. మనిషి రాలేదు, పోయాడన్న కబురూ రాలేదు. బొట్టు తీసెయ్యమని ఆడవాళ్లు ఎంత పోరినా అత్త వినలేదు.

యుద్ధం ముగిశాక, కమ్యూనిస్టులను అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో సిపాయిలు తోట ఇళ్లు ఖాళీ చేయించి, అందరినీ ముళ్లకంచె, కాపలా గేటు ఉన్న కొత్త ఊళ్లోకి తరలించారు. అత్త మంచం వదిలేసి గడప పెకిలించింది.

"ఇల్లే నేకపోతే గడపేటి అత్తా? లారీ ఇరిగిపోద్ది," అన్నాడు డ్రైవరు మునుసామి.

"మీ మావ దీన్ని దాటే ఎల్లినాడు. తిరిగొచ్చి ఏ గడప ఎక్కుతాడ్రా?"

మునుసామి లారీ దిగి రెండో కొస పట్టాడు.

మెర్దెకా నాడు, అంటే మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజు, అత్త కంచె లోపలి ఇంటికి వేసుకున్న ఆ గడపకు పసుపు రాసి కూర్చుంది.

"జెండా సూద్దాం, రా వదినా," అని పక్కింటి పాపాయి పిలిచింది.

"మీరెల్లండి. ఈయాల కంచె గేటు తీసే ఉంచుతారంట. మీ అన్నొచ్చినా ఆపరు."