కింది హాలుకు వచ్చిన నంబరు

ఆమెను అందరూ కుట్టు అక్క అంటారు. అపార్టుమెంటు కింది హాల్లో, కిటికీ పక్కన ఆమె మిషను. భర్త పోయాక బతుకుతెరువు కోసం అక్కడ పెట్టుకుంటానంటే ఎవరూ కాదనలేదు. హాలు అందరిదీ. ఒక మూల పిల్లలు హోంవర్కు చేసుకునేవారు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు కుర్చీలు లాక్కుని కూర్చునేవారు.

మున్సిపాలిటీ వాళ్లు ఇళ్లకు కొత్త నంబర్లు వేస్తున్న రోజుల్లో పై అంతస్తులో ఉండే ఆమె తమ్ముడు వచ్చాడు. అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి అతనే.

"అక్కా, హాలుకు కూడా విడిగా నంబరు వేయిద్దాం. నంబరు లేని చోటంటే దిక్కులేని చోటు. రేపు ఎవడైనా వచ్చి నాదంటే ఏం చూపిస్తాం?"

"అయితే నువ్వే అడుగు అందర్నీ."

"నేనడిగితే వంద ప్రశ్నలేస్తారు. నీ మాటంటే కాదనరు."

అక్క కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగితే నిజంగానే ఎవరూ కాదనలేదు. "నీకు తెలియకుండా ఉంటుందా అక్కా" అంటూ గుమ్మాల్లోనే సంతకాలు పెట్టారు. మొదటి అంతస్తులో ఉండే డ్రైవరు భార్య అయితే చేతికంటిన పిండి తుడుచుకుని మరీ పెట్టింది.

ఉమ్మడి చోటుకు విడిగా నంబరు ఉండదు. ప్రతి ఇంటి నంబరుకూ దానిలో వాటా ఉంటుంది. ఇల్లు అమ్మితే వాటా దాంతోనే పోతుంది, వాటాను మాత్రం విడదీసి అమ్మలేరు. పేదవాడికి ఉన్న కాపలా అదే. ఆ కాపలాను వాళ్లే స్వయంగా తీయించుకున్నారు. విడి నంబరుకు ఒక యజమాని పేరు కావాలన్నారు మున్సిపాలిటీ వాళ్లు. కార్యదర్శి తన పేరు రాయించుకున్నాడు.

ఒక ఉదయం అక్క కిందికి దిగేసరికి మిషను మెట్ల పక్కన ఉంది. హాలు తలుపుకు కొత్త తాళం. మందుల వ్యాపారి మనుషులు అట్టపెట్టెలు దింపుతున్నారు.

"ఎవరు తీశారిది?"

"కొన్నవాళ్లం మేమేనమ్మా. అమ్మినాయన్ని అడుగు."

ఆమె మెట్లెక్కింది. తమ్ముడు షేవింగు చేసుకుంటున్నాడు.

"అమ్మేశావా?"

"నంబరు నా పేరు మీద ఉందక్కా. చట్టప్రకారమే."

"నా మొహం చూసి పెట్టార్రా ఆ సంతకాలు!"

"అందుకేగా నిన్ను పంపింది." అద్దంలోంచే అన్నాడు. "నీకు వేరే చోట గది చూస్తాలే, ఏడవకు."

ఆమె ఏడవలేదు. చంకనెత్తుకుని తిప్పిన తమ్ముడు తన వైపు తిరగనైనా తిరగకుండా ఆ మాట అన్నాక, మెట్లు దిగి వచ్చేసింది.

సాయంత్రానికి గుసగుసలు మొదలయ్యాయి. "అక్కా తమ్ముడూ కలిసే చేశారు." "ఊరికే తిరుగుతుందా ఇంటింటికీ?" పొద్దున్న పలకరించినవాళ్లు మెట్ల మీద ఎదురుపడి తల తిప్పుకున్నారు. హాలు పోయినదానికన్నా అదే ఆమెను కోసింది.

మర్నాడు ఫిర్యాదు రాయించుకుని డ్రైవరు ఇంటి తలుపు తట్టింది.

"మళ్లీ సంతకాలా?" డ్రైవరు భార్య గుమ్మంలోంచి కదల్లేదు. "ఈసారి ఏం అమ్ముతారు, మెట్లా?"

"తమ్ముడి మీద కేసు."

"ముందు నువ్వు పెట్టు చూద్దాం."

అక్క కాగితాన్ని గోడకు ఆనించి, తమ్ముడి పేరు కింద తన పేరు రాసింది.

డ్రైవరు భార్య ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. "మా ఆయన వచ్చాక చెబుతాలే" అని తలుపు వేసుకుంది.

అక్క పక్క తలుపు తట్టింది.