అక్క గుండూ, ఎక్కాలూ

మా వీధిలో దోమల పొగ వదిలినప్పుడల్లా ఆ వాసనకు నాకు కోపమొస్తుంది. దోమల మీద కాదు, బనగానపల్లెలో మాకు చదువు చెప్పిన అయ్యవారి మీద.

మా అక్క ఐదో తరగతిలో ఉండగా మలేరియా మెదడుకెక్కింది. కర్నూలు పెద్దాసుపత్రిలో మూడు రోజులు స్పృహ లేకుండా పడుండి, బతికింది. మొక్కు తీర్చడానికి మహానందిలో గుండు చేయించినారు. తిరిగి బడికి పోతే, ఇరవై ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్ల మూడో ఎక్కం మధ్యలో నిలబడిపోయింది.

"ఏమే, జుట్టుతో పాటు బుర్ర గూడా దేవునికిచ్చొచ్చినావా?" అన్నాడు అయ్యవారు.

బడంతా నవ్వింది. రెండో తరగతి చదివే నేను మాత్రం నమ్మినాను. రోజూ స్కేలు పెట్టి అక్క జుట్టు కొలిచేవాణ్ణి.

"యాడిదాకా వచ్చిందిరా?"

"చెవుల కాడికి వచ్చిండాది. ఇంకో రెండించులైతే ఎక్కాలు గూడా వచ్చేస్తాయి లే అక్కా."

జుట్టు జడకు అందింది, ఎక్కాలు అందలేదు. సోమరిదని అయ్యవారు తేల్చేస్తే, నాయన బడి మాన్పించినాడు. ఆ జ్వరంలో మెదడు వాస్తే జ్ఞాపకం, ఆలోచన దెబ్బతింటాయని, ఓపిగ్గా మళ్లీ నేర్పించాలని నాకు డిగ్రీలో గానీ తెలియలేదు.

అయ్యవారు రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పినాడు. ఆయన బుర్ర ఏమైందని ఎవరూ అడగలేదు.