మీటరు లేని కరెంటు

ఆ రోజుల్ల నాకు తెల్వని ముచ్చట ఈ లోకంల ఒక్కటి గూడ లేదని నా నమ్మకం. తెలంగాణ వచ్చి రెండు మూడేండ్లయిందేమో. నల్లగొండల ఐటీఐ పాసై, మర్రిగూడ రోడ్డు మీద ఒక షట్టర్ల బండ్లకు కరెంటు పని చేసే షాపు పెట్టిన. చేతిల మల్టీమీటర్, జేబుల టెస్టర్, మొఖంల పెద్ద ఇంజినీరు కళ. (ఆ మల్టీమీటర్ నాకు సగమే వచ్చు. మిగిలిన సగం కనుబొమ్మలు ముడిచి నడిపించేది.) షట్టరు మా మేనమామది, కిరాయి లేకుండ ఇచ్చిండు. అల్లుడు బాగుపడాలనే ప్రేమ కొంత, తన పాత పికప్ బండికి ఫుకట్ల పని అయితదనే తెలివి కొంత. ఆ బండికి అప్పటికే హారన్ తప్ప అన్నీ మోగేటివి.

దాని రోగమేందంటె, పొద్దున మంచిగ స్టార్టయితది, దాణా బస్తాలు ఊర్లపొంటి దింపుతది, పగటాలకు ఇంటికొస్తది. మామ చావి తీసి దేవుని గూట్ల పెట్టి, బువ్వ తిని, మూడు గంటలు గుర్రుపెట్టి పంటడు. నాలుగింటికి లేచి చావి తిప్పితె "టిక్" అంటది. అంతే, బ్యాటరీ ఖతం. ఊరంతటిని పిలిచి నూకాల్సిందే. "ఏందిరా అల్లుడా, చార్జింగ్ ఎక్కుతలేదా?" అన్నడు మామ. "నేనున్న గద మామా, ఫికర్ చెయ్యకు" అన్న. ఆ ఒక్క మాట అనకపోయి ఉంటె ఎంత బాగుండు!

మొదటి రోజు బెల్టు బిగిచ్చిన. టిక్. రెండో రోజు ఆల్టర్నేటర్ విప్పి బ్రష్షులు మార్చిన. టిక్. మూడో రోజు రెగ్యులేటర్ కొత్తది ఏసిన. ఇంజిన్ నడుస్తుంటె మీటర్ల పద్నాలుగు వోల్టులు నిండుగ చూపిస్తది, అంటె చార్జింగ్‌కు ఏ రోగం లేదు. నా షాపు ముంగట పొద్దంత నిలబెడితె గూడ ముట్టుకుంటెనే లేస్తది. మామ ఇంటికి పోతెనే సస్తది. "మామా, బండిల ఏం లేదు, నీ ఇంటికాడనే ఏదో ఉంది" అని తెల్వక నోరు జారిన. ఇంకేముంది! అత్త బండి ముంగట గుమ్మడికాయ కొట్టింది, బంపరుకు నిమ్మకాయలు మిరపకాయలు కట్టింది. మామ బండిని తూర్పు గోడ కాడికెంచి పడమటి గోడకు మార్చిండు. మర్నాడు నాలుగింటికి, టిక్. బండి నూకీ నూకీ ఊరోళ్ల రెక్కలు పడిపోయినయి. నాకు "నూకుడు ఇంజినీరు" అని పేరు పెట్టిన్రు. బస్టాండ్ల ఆడపిల్లలు గూడ గట్లనే పిలుస్తుంటె నాకు సిగ్గుతోటి సావొచ్చింది.

ఆఖరికి మామ గుస్సయిండు. "శుక్రవారం అంగడి ఉంది. ఆనాడు బండి చావి తిప్పంగనే లేవకపోతె షట్టరు తాళం నా చేతిల పెట్టు. చికెన్ సెంటర్ పెడ్తనని ఒకడు నెల నుంచి తిరుగుతాండు. నువ్వొచ్చి నా బండి మీద బస్తాలు ఎత్తు" అన్నడు. నా పేరు రాసిన బోర్డు కింద కోళ్లు యాలాడుతున్నట్టు కండ్ల ముందర కనిపించింది.

అంగడికి ఒక్కరోజు ముందు, బేస్తారం నాడు నేనొక కొత్త సిద్ధాంతం కనిపెట్టిన. మామ ఇంటికాడ ఎలుక ఉన్నది, అది వైరు కొరుకుతాంది! పగటాల మామ పండంగనే కట్టె పట్టుకొని బండెనుక ఎక్కి, ఖాళీ దాణా సంచుల కింద నక్కిన. ఎండకు కింద రేకు పెనం లెక్క కాలుతాంది. అర గంటయిందో లేదో, బకెట్ గుంజిన సప్పుడు. తలుపు తీసిన సప్పుడు. "అమ్మా... నా మోకాళ్లో..." అని మూలుగు. చావి తిప్పిన సప్పుడు. ఆ వెంటనే స్టీరింగ్ పక్కనున్న చిన్న ఫ్యాను బర్రున తిరిగింది, టేపుల ఒగ్గుకథ మొదలైంది. లేచి ఎనుక అద్దంలకెంచి చూసిన. మామ వాళ్లమ్మ, అంటె నాకు అమ్మమ్మ, మేమందరం అవ్వ అని పిలిచేది. బోర్లించిన బకెట్ మీదికెంచి ఎక్కి, డ్రైవర్ సీట్ల రాణి లెక్క కూసొని, తెల్లెంట్రుకలు గాలికి ఎగురుతుంటె తలూపుతాంది. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడని ఊకెనే అన్లేదు.

"అవ్వా!" అన్న.

"ఓ నా తల్లో! సంచులల్ల ఏం చేస్తున్నవ్‌రా? పిచ్చి లేసిందా?"

"గది నేనడగాలె! నువ్వేం చేస్తున్నవ్?"

"గాలికి కూసున్న బిడ్డా."

"ఇంట్ల ఫ్యాను లేదా?"

"ఉన్నది. ఏస్తె మీటరు గిర్రున తిరుగుతది. మొన్న బిల్లొచ్చినప్పుడు మీ మామ ఇల్లు లేచిపోయేటట్టు ఒర్రలేదా? గీ బండి కరెంటుకు మీటరే లేదు గద, ఎంత వాడుకుంటె ఏంది?"

రెండేండ్ల ఐటీఐల ఒక్క సారు గూడ ఈ పాయింటు చెప్పలే. "మరి స్టీరింగ్ ఎనుక ఎలుగుతున్న గా ఎర్ర లైటు? అది బ్యాటరీ లైటు అవ్వా!" అన్న. "అయ్యో, నేను దేవుని దీపమనుకొని దినాం దండం పెడ్తున్న" అన్నది. ఇంజిన్ నడవకుండ ఫ్యాను, టేపు నడిస్తె బ్యాటరీ అయిపోతదని, నాలుగింటికి బండి లేవంది గందుకేనని చెప్పిన. అవ్వ మొఖం చిన్నగయింది. "కింద కూసుంటె లేవరాదు, మంచంల కూసుంటె నడుం కుంగుతది. మా ఊరి ఫ్లోరైడు నీళ్లు నా మోకాళ్లను కట్టెలు చేసినయి. గీ సీటే జర సుఖంగున్నది. మీ మామకు చెప్పకు కొడుకా, ఒర్రుతడు" అని నా చెయ్యి పట్టుకున్నది. చెప్తె అవ్వ తిట్లు తినాలె, చెప్పకపోతె నా షాపుల కోళ్లు.

నాలుగింటికి మామ వచ్చి చావి తిప్పిండు. టిక్. "దొరికింది మామా!" అన్న. "గీ ఫ్యాను లోపల షార్టయింది. కరెంటంత ఇదే తాగుతాంది." ఫ్యాను పీకి చంకల పెట్టుకున్న. "గింతంత ఫ్యానా?" అని మామ నోరు తెరిచిండు. బ్యాటరీని రాత్రి చార్జింగ్ పెట్టిన. శుక్రవారం నాలుగింటికి గూడ బండి ముట్టుకోంగనే లేచింది, షట్టరు నాకు దక్కింది.

తర్వాత పాత సామాన్ల దుకాణంల ఒక డ్రైవర్ సీటు తెచ్చి అవ్వ వాకిట్ల ఏసి, పక్కన నా షాపుల పాత బ్యాటరీ పెట్టి, ఆ ఫ్యాను బిగిచ్చిన. నాలుగొద్దులకొకసారి బ్యాటరీని సైకిల్ మీద తీస్కపోయి చార్జింగ్ పెట్టి తెచ్చేది. (నా షాపుల మీటరు గిర్రున తిరిగేది. అవ్వకు చెప్పలే.) అవ్వ ఊకుంటదా? "నా మనుమడు కరెంటు లేని ఫ్యాను చేసిండు" అని వాడకట్టంత చెప్పింది. వారం తిరగక ముందే ఏడుగురు ముసలవ్వలు నా షట్టరు ముంగట లైను కట్టిన్రు.

ఇప్పుడు అవ్వ లేదు. నా షాపుల బండి రోగం చెప్పే కంప్యూటర్ మిషన్ ఉంది, దాని ముంగట గూడ కనుబొమ్మలు ముడుస్తనే ఉన్న. ఎలుక కోసం సంచుల కింద చెమటలు కక్కిన ఆ పోరన్ని తలుచుకుంటె నవ్వొస్తది, వాడంటె జర ఇష్టమైతది. ఎవరన్న వచ్చి చార్జింగ్ నిలుస్తలేదంటె, బానెట్ ఎత్తకముందే "ఇంట్ల ముసలోళ్లు ఉన్నరా?" అని అడుగుత. వాళ్లు నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూస్తరు. ఉన్నరంటె మాత్రం బండిని ఆడనే వదిలిపెట్టి, ఒక పాత సీటు, ఫ్యాను పట్టుకొని పగటాల నేనే ఆ ఇంటికి పోత.